సముద్రపు బురదలో బొరియలు: కార్బన్‌ను దాచే పురుగులా, తగలబెట్టే పురుగులా?

హనుమకొండలో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చదువుతున్న ఒక అమ్మాయి మూడు ప్రశ్నలు అడిగింది. సముద్రం అడుగున బొరియలు తవ్వే పురుగులు, పీతలు బ్యాక్టీరియాను తింటాయి కదా, అలాంటప్పుడు వాటివల్ల కుళ్లడం పెరుగుతుందని పుస్తకాల్లో ఎందుకు రాస్తారు? చివరికి కార్బన్ బురదలో నిలుస్తుందా, పైకి పోతుందా? సముద్రానికి ఇంత దూరంలో ఉండి సెమినార్‌లో చూపించదగ్గ ప్రయోగం ఏదైనా చేయవచ్చా?

ఇరవై ఏళ్లకు పైగా కోస్తా బురదతో పనిచేసి, ఇప్పుడు వరంగల్‌లో ఇంటిపట్టున ఉంటున్నాను. తీరిక ఉంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

అమ్మా, మీ మొదటి ప్రశ్నలో ఉన్న పొరపాటు నేనూ ఒకప్పుడు చేసిందే. పురుగు ఏం తింటుందన్న దగ్గరే మన చూపు ఆగిపోతుంది. తిండి చిన్న సంగతి. అది ఊపిరి కోసం బొరియలోకి నీళ్లు తోడుకోవడం పెద్ద సంగతి. బ్యాక్టీరియా జాతకం మారేది అక్కడ.

ముందు పురుగులే లేని బురదను ఊహించుకోండి. బురద రేణువుల మధ్య నీరు ఉంటుంది కానీ కదలదు. పైనుంచి ఆక్సిజన్ తనంతట తాను మెల్లగా వ్యాపించాలి. బురదలో అది ఒక మిల్లీమీటరు దిగడానికి సుమారు ఎనిమిది నిమిషాలు పడుతుంది. మరి పది సెంటీమీటర్లు దిగాలంటే? దూరం వంద రెట్లు కాబట్టి సమయమూ వంద రెట్లని చాలామంది విద్యార్థులు రాసేస్తారు. వ్యాపనంలో సమయం దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే పదివేల రెట్లు, దాదాపు 55 రోజులు. అదీ దారిలో ఎవరూ దాన్ని వాడుకోకపోతే! ఒక ఘన సెంటీమీటరు పైపొర బురదలో వంద కోట్ల దాకా బ్యాక్టీరియా ఉంటుంది. ఇంతమంది కాచుకుని కూర్చున్న చోట ఆక్సిజన్ ఎంత దూరం వెళ్తుంది? కోస్తా బురదలో కొన్ని మిల్లీమీటర్ల లోపే అయిపోతుంది.

ఆ కింద ఉన్న బ్యాక్టీరియా చచ్చిపోదు, ఊపిరికి ఆక్సిజన్ బదులు వేరే దారి చూసుకుంటుంది. పెళ్లి పంక్తిలో ముందు కూర్చున్నవాళ్లకు నెయ్యి, చివర్లో వచ్చినవాళ్లకు మజ్జిగ అన్నట్టు, ఆక్సిజన్ తర్వాత నైట్రేట్, ఆపైన మాంగనీసు, ఇనుము తుప్పు, తర్వాత సల్ఫేట్, అదీ అయిపోతే మీథేన్ తయారీ. వరుస దాదాపు ఇదే. సముద్రంలో సల్ఫేట్‌కు కరువు లేదు, లీటరు నీటిలో సుమారు 2.7 గ్రాములు ఉంటుంది. అందుకే కోస్తా బురదలో కుళ్లే సేంద్రియ పదార్థంలో దాదాపు సగం సల్ఫేట్ వాడే బ్యాక్టీరియా చేతుల మీదుగానే పోతుందని డెన్మార్క్ శాస్త్రవేత్త బో బార్కర్ యోర్గెన్‌సెన్ 1982లో లెక్కగట్టాడు. మన చెరువుల్లో సల్ఫేట్ చాలా తక్కువ. ఎండాకాలం నీళ్లు తగ్గిన చెరువులో కాలు పెడితే బుడగలు బుడబుడమని పైకి వస్తాయి చూడండి, అందులో ఉండేది ఎక్కువగా మీథేనే. సముద్రపు బురదలో కాలు పెడితే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్.

ఇప్పుడు ఇందులోకి ఒక పురుగును దించుదాం. ఇంటర్మీడియట్ జంతుశాస్త్రంలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న నీరిస్ గుర్తుందా? దాని బంధువులు చాలావరకు రెండు నోళ్లున్న బొరియలో ఉంటాయి. ఒంటిని అలలా ఊపి నీటిని ఒక నోటి నుంచి లాగి రెండో నోటి నుంచి నెడతాయి. వ్యాపనానికి రెండు నెలలు పట్టే దూరానికి ఆక్సిజన్ నిమిషాల్లో చేరిపోతుంది. పొలానికి కాలువ తవ్వినట్టే. ఎన్ని కాలువలో కూడా చూడండి. చదరపు మీటరుకు 500 పురుగులు, ఒక్కో బొరియ 20 సెంటీమీటర్ల పొడవు, అర సెంటీమీటరు వెడల్పు అనుకుందాం. ఒక్కో బొరియ గోడ 31 చదరపు సెంటీమీటర్లు. ఐదు వందల గోడలు కలిపితే ఒకటిన్నర చదరపు మీటరు దాటుతుంది. అంటే నీటిని తాకే బురద ఒక చదరపు మీటరు నుంచి రెండున్నర చదరపు మీటర్లయింది. నేలను కొలిచే పటంలో మాత్రం అది ఇంకా ఒక్క చదరపు మీటరే!

ఈ గోడల్ని ఒకసారి దగ్గరగా చూడాలి. పడవ మీద గొట్టంతో తీసిన బురద కడ్డీని నిలువునా కోసినప్పుడు పైన వేలు మందాన గోధుమరంగు, కింద బూడిదరంగు, ఇంకా కింద కాటుక నలుపు కనిపిస్తాయి. ఆ నలుపు ఇనుము, సల్ఫైడ్ కలిసినందువల్ల వచ్చింది. సరిగ్గా ఆ నలుపు మధ్యలో ఒక సన్నని రంధ్రం, దాని చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల మేర తుప్పు రంగు వలయం. రంధ్రం లోపలి గోడ వేలికి జారుతుంది, పురుగు పూసిన జిగురు అది. మీరు నాట్ల సమయంలో వరి మొక్క పీకి చూసి ఉంటే ఈ రంగు కొత్త కాదు. వరి వేరు కాండం నుంచి గాలిని కిందికి దింపుకుని చుట్టూ ఉన్న బురదకు కాస్త వదులుతుంది, అందుకే వేరు మీద ఆ ఎర్రటి తుప్పు పూత. నర్సంపేట పొలంలో వరి వేరు చేసేది, కాకినాడ అవతల బురదలో పురుగు చేసేది రసాయనపరంగా ఒకే పని.

ఆ జిగురు బ్యాక్టీరియాకు మంచి తిండి. దానికి తోడు పురుగు వదిలే అమ్మోనియా, తోడే నీటిలో వచ్చే ఆక్సిజన్. అందుకని పక్కనున్న బురదకంటే గోడల్లో బ్యాక్టీరియా చిక్కగా ఉంటుంది, పనిచేసేదీ ఎక్కువే. లోపలి అంచున అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేవి, వాటి వెనక వెంట్రుకవాసి దూరంలో ఆ నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చేవి, ఇంకా వెనక సల్ఫేట్ బృందం. బురద పైపొరలో కొన్ని సెంటీమీటర్లలో పరుచుకున్న వరుస ఇక్కడ కొన్ని మిల్లీమీటర్లలో చుట్టుకుని ఉంటుంది.

ఇంకో సంగతి. పురుగు ఆగకుండా నీళ్లు తోడదు. కాసేపు తోడుతుంది, కాసేపు ఆపుతుంది. ఆపిన కొన్ని నిమిషాలకే గోడ దగ్గర ఆక్సిజన్ తగ్గిపోతుంది, మళ్లీ తోడితే పెరుగుతుంది. రోజుకు ఎన్నో సార్లు ఈ మార్పు జరుగుతుంది. అమెరికాలో రాబర్ట్ ఆలర్ 1980ల నుంచి పట్టుబట్టి చెప్పింది ఇదే. ఆక్సిజన్ ఎప్పుడూ ఉండటం, అసలే లేకపోవడం అనే రెండు స్థితులతో బురదను అర్థం చేసుకోలేం, ఈ ఊగిసలాట కూడా లెక్కలోకి రావాలి. నా మట్టుకు ఈ విషయంలో చదవదగ్గ ఆలోచన ఇదొక్కటే అన్నా అంటాను.

ఇది తెలియక నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో బురదను శుభ్రంగా జల్లెడపట్టి, పురుగులు ఏరేసి, పెరుగు చిలికినట్టు చిలికి, సీసాల్లో పోసి బ్యాక్టీరియా ఎంత వేగంగా కుళ్లబెడుతుందో కొలిచాను. ఒక ఎండాకాలమంతా కొలిచాను. వచ్చిన అంకెలకూ, సముద్రం అడుగున నేరుగా పెట్టిన గాజు గది చూపించిన అంకెలకూ పొంతనే లేదు. ఎందుకుంటుంది? గోడలన్నీ నేనే చెరిపేశాను.

ఇక తినడం గురించి. బురద తినే పురుగు రోజుకు తన బరువంత, ఒక్కోసారి అంతకు కొన్ని రెట్లు బురదను పొట్టలోంచి పంపుతుంది. అందులో కొంత బ్యాక్టీరియా అరిగిపోతుంది. కానీ మేకలు మేసిన గడ్డి మళ్లీ చిగిర్చినట్టు, మలం బయటపడ్డాక మిగిలిన బ్యాక్టీరియా త్వరలోనే పెరిగిపోతుంది. ముసలివి పోయి పడుచువి మిగులుతాయి, పని వేగం తగ్గదు. మీ మొదటి ప్రశ్నకు సూటి జవాబు ఇదే.

అందరికీ పురుగు మేలే చేస్తుందని మాత్రం అనుకోకండి. 2012లో డెన్మార్క్ బృందం ఒకటి పొడవాటి తీగలాంటి బ్యాక్టీరియాను బయటపెట్టింది. వేల కణాలు గొలుసుకట్టుగా కలిసి సెంటీమీటర్ల పొడవున ఉంటాయి. కిందనున్న సల్ఫైడ్ నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని పైనున్న ఆక్సిజన్ దాకా అచ్చం కరెంటు తీగలాగే పంపుతాయి. కింద తిండి, పైన ఊపిరి! పీతో, పురుగో బురదను పెళ్లగించిందంటే ఈ తీగలు తెగిపోతాయి. పురుగు కదలకుండా ఒకే గొట్టంలో ఉంటే మాత్రం ఆ గొట్టం వెంటే తీగలు పెరిగిన సందర్భాలూ ఉన్నాయి. ఎవరు తవ్వుతున్నారు, ఎలా తవ్వుతున్నారు అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది.

తవ్వే తీరులో ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. కొన్ని పురుగులు తల కిందికి, తోక పైకి పెట్టి నిలువుగా ఉంటాయి. కింద బురద తిని పైన విసర్జిస్తాయి. చల్లని దేశాల తీరాల్లో ఉండే ఇసుక పురుగు అరేనికోలా ఇలాగే చేస్తుంది. ఆటుపోటు తగ్గాక ఇసుక మీద దాని మలం చకినాల పిండిని చుట్టలు చుట్టి వదిలేసినట్టు కనిపిస్తుంది. దీనివల్ల కింద ఉన్న పాత బురద పైకొస్తుంది, పైనున్నది మెల్లగా కుంగుతుంది. డార్విన్ వానపాముల గురించి చూపించిందీ ఇదే: 1842లో ఒక మైదానంలో సుద్దముక్కలు పరిపించి, 29 ఏళ్ల తర్వాత తవ్వితే సుద్ద గీత ఏడు అంగుళాల లోతున దొరికింది. సుద్దను ఎవరూ కిందికి మోయలేదు, వానపాములు కింది మట్టిని పైకి తెచ్చి పోశాయి.

ఇప్పుడు రెండో ప్రశ్న, అసలు చిక్కు ఉన్నది ఇక్కడే. సముద్రంలో కిరణజన్య సంయోగక్రియ ఏటా సుమారు 5,000 కోట్ల టన్నుల కార్బన్‌ను సేంద్రియ పదార్థంగా మారుస్తుంది. అందులో బురదలో శాశ్వతంగా పూడుకునేది 15 నుంచి 20 కోట్ల టన్నులు, అంటే వెయ్యి పాళ్లలో మూడు నాలుగు. పురుగులు చేసే తేడా ఈ చివరి చిల్లర దగ్గరే. చిల్లరే అయినా కోట్ల ఏళ్లు పోగుపడితే గాలిలో ఆక్సిజన్ ఎంత ఉండాలో నిర్ణయించే చిల్లర అది.

తాజా పదార్థాన్ని, పాత పదార్థాన్ని విడివిడిగా చూడండి. నిన్న చచ్చి పడిన నాచు ఆక్సిజన్ ఉన్నా, లేకపోయినా ఇంచుమించు ఒకే వేగంతో కుళ్లుతుంది. చెక్కలోని లిగ్నిన్, పాతబడిన కొవ్వులు అలా కాదు. వాటిని విరగ్గొట్టే ఎంజైములకు ఆక్సిజనే కావాలి. అది అందకపోతే అవి అలాగే ఉండిపోతాయి. ఏటూరునాగారం దగ్గర వానాకాలం గోదావరిని చూశారా? ఆ ఎర్రనీళ్లలో మట్టితో పాటు ములుగు అడవుల ఆకుపొడి, పుల్లల పొడి కూడా ఉంటుంది. యానాం, అంతర్వేది దాటి సముద్రం అడుగున పడేసరికి అందులో మిగిలేది ఎక్కువగా ఈ మొండి పదార్థమే. ఆక్సిజన్ అందని లోతుకు చేరితే అది చాలాకాలం నిలుస్తుంది. ఒక పురుగు దాన్ని మళ్లీ మళ్లీ పైకి తెచ్చి ఆక్సిజన్ తగిలిస్తే కరిగిపోతుంది.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ‘ఈ రేణువు మొత్తం ఎంతకాలం ఆక్సిజన్‌కు ఎదురుగా ఉంది’ అన్నది. పురుగులు కలిపే పొర ప్రపంచ సగటున దాదాపు పది సెంటీమీటర్లు. లోతు సముద్రంలో వెయ్యేళ్లకు ఒకటి రెండు సెంటీమీటర్ల మట్టి పడే చోట ఒక రేణువు ఆ పొర దాటి కిందికి పోవడానికి వేల ఏళ్లు పడుతుంది, అంతకాలం పురుగులు దాన్ని కిందికీ పైకీ తిప్పుతూనే ఉంటాయి. మిగిలేది అతి స్వల్పం. నది ముఖద్వారం దగ్గర ఏడాదికి సెంటీమీటరు పడితే పది పదిహేనేళ్లలో దాటేస్తుంది, అందుకే డెల్టాల్లో కార్బన్ ఎక్కువ పూడుతుంది.

మరి పురుగులు తగలబెట్టేవే అని తేల్చేద్దామా? వద్దు. అవి గోడల్లో తయారు చేయించే ఇనుము తుప్పు సేంద్రియ పదార్థాన్ని పట్టి ఉంచుతుంది. సముద్రపు బురదలో ఉన్న సేంద్రియ కార్బన్‌లో దాదాపు ఐదో వంతు ఇలా ఇనుముకు అంటుకునే ఉందని 2012లో తేలింది. మడ అడవుల్లో కొన్ని పీతలు రాలిన ఆకును పోటు పట్టుకుపోకముందే బొరియలోకి లాక్కుపోతాయి, ఆ ఆకు అక్కడే ఉండిపోతుంది. అదే పీత బొరియ చుట్టూ ఉన్న మట్టికి గాలి తగిలించి కొంత కార్బన్ డయాక్సైడ్‌ను బయటకూ పంపిస్తుంది. ఒక చేత్తో జమ, ఇంకో చేత్తో ఖర్చు. కోస్తా బురదలో మొత్తం మీద ఖర్చే ఎక్కువని నా అంచనా. ‘పురుగులు వాతావరణాన్ని కాపాడతాయి’ అని ఈమధ్య కనిపిస్తున్న శీర్షికలు నాకు చిరాకు తెప్పిస్తాయి. పాపం, వాటికి ఆ ఉద్దేశం ఏమీ లేదు.

పురుగులు లేనిచోట ఏమవుతుందో చూడాలంటే అరేబియా సముద్రం ఉంది. అక్కడ సుమారు 200 నుంచి 1,000 మీటర్ల లోతు వరకు నీటిలోనే ఆక్సిజన్ దాదాపు శూన్యం. పాకిస్తాన్ తీరం వైపు ఆ లోతులో తీసిన బురద కడ్డీలో పొరలు పుస్తకం పుటల్లా చెక్కుచెదరకుండా ఉంటాయి, కార్బన్ కూడా ఎక్కువ. దీన్ని చూపించి ‘పురుగులు లేవు కాబట్టి కార్బన్ నిలిచింది’ అని రాస్తే మీ సెమినార్‌లో ఎవరైనా లేచి పట్టుకుంటారు. అక్కడ పురుగులూ లేవు, ఆక్సిజనూ లేదు. రెండింటిలో ఏది ఎంత చేసిందో ఆ ఒక్క కడ్డీ చెప్పలేదు.

ఇలాంటి చెదరని పొరలు మీకు బస్సు ప్రయాణం దూరంలోనే ఉన్నాయి. వరంగల్ నుంచి ములుగు వెళ్లే దారిలోని మల్లంపల్లి, అవతల పాఖాల చెరువు చుట్టుపక్కల రాళ్లను భూగర్భ శాస్త్రవేత్తలు పాఖాల శిలలనే పిలుస్తారు. వంద కోట్ల ఏళ్లు దాటిన సముద్రపు అవక్షేపాలవి. అప్పటికి భూమి మీద జంతువే లేదు, కాబట్టి ఆ బురదను తవ్వినవాళ్లూ లేరు. బొరియలు రావడం ఎంత పెద్ద సంఘటనంటే, కేంబ్రియన్ యుగం మొదలును గుర్తించేది ఎముకతోనో, గుల్లతోనో కాదు, ట్రెప్టిక్నస్ పెడమ్ అనే బొరియ అచ్చుతో. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ రాళ్లలో, సుమారు 54 కోట్ల ఏళ్ల నాటిది. 1992లో ఆ అచ్చు మొదట కనిపించే రాతి పొరనే ప్రమాణంగా తీసుకున్నారు. మల్లంపల్లి రాయి ముక్క ఒకటి సెమినార్‌కు పట్టుకెళ్లండి.

మూడో ప్రశ్న, ప్రయోగం. సముద్రం అక్కరలేదు. అక్వేరియం దుకాణాల్లో చేపల మేతకు ట్యూబిఫెక్స్ పురుగులు బతికున్నవే అమ్ముతారు. సన్నగా, ఎర్రగా, దారాల్లా ఉంటాయి. ఇవి కూడా తల కింద, తోక పైన పెట్టే రకమే. నాలుగు పొడవాటి గాజు జాడీలు తీసుకోండి. చెరువు పూడిక మట్టిని పిండి జల్లెడలో వడకట్టి, అందులో ముందే ఉన్న పురుగులు చావడానికి ఒక రాత్రి డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. తర్వాత ఒక్కో జాడీలో పదిహేను సెంటీమీటర్లు నింపి, పైన ఒక రోజు నిల్వపెట్టిన కుళాయి నీళ్లు పోయండి. రెండు జాడీల్లో సల్ఫేట్ కోసం నీటికీ మట్టికీ కలిపి లీటరుకు రెండు గ్రాముల చొప్పున జిప్సం కలపండి, ఎరువుల దుకాణంలో దొరుకుతుంది. సముద్రంలో ఉండే సల్ఫేట్‌లో సగానికి తక్కువే అవుతుంది, అయినా మట్టి నల్లబడటానికి చాలు. జాడీల చుట్టూ నల్ల కాగితం చుట్టండి, లేకపోతే గాజుకు నాచు పట్టి ఏమీ కనిపించదు.

ఇక్కడ నా తప్పు మీరు చేయకండి. చిలికిన మట్టిలో పొరలు మళ్లీ ఏర్పడేదాకా రెండు వారాలు ముట్టుకోవద్దు. ఆ తర్వాత నాలుగు జాడీల్లోనూ పైన రెండు మిల్లీమీటర్ల మందాన మెత్తని ఇటుక పొడి చల్లండి. జిప్సం ఉన్నవాటిలో ఒకదానిలో, లేనివాటిలో ఒకదానిలో చెంచాడు పురుగులు వేయండి. ఇవి మురుగు నీళ్లలో పెరిగే పురుగులు కాబట్టి చేతికి తొడుగు వేసుకోండి, అయిపోయాక చెరువులో పారబోయకండి. నీటిలోకి సన్నగా గాలి వదిలే చిన్న పంపు ఒక్కో జాడీకి ఉంటే మేలు.

వారానికి ఒకసారి కాగితం విప్పి గాజు మీద పెన్నుతో ఇటుక గీత ఎక్కడుందో గుర్తు పెట్టండి. పురుగులున్న జాడీల్లో అది మెల్లగా కుంగుతుంది, లేనివాటిలో పైనే ఉంటుంది. జిప్సం వేసిన పురుగుల జాడీలో నల్ల మట్టి మధ్య గాజు వెంట గోధుమరంగు దారాలు దిగుతాయి, వాటి ఫొటో తీసుకోండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే కిటికీ తెరిచి చూడండి. మొదటి వారం ఏమీ కనిపించదు, కంగారుపడి జాడీని కదపకండి.